వైన్‌కి మార్కులు వేసేవాళ్లు మన రుచిని పెంచారా, మన నోరు కట్టేశారా?

నెల్లూరు నుంచి జయనగర్:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

పోయిన శుక్రవారం మా టీమ్ అంతా ఇందిరానగర్‌లో భోజనానికి వెళ్లాం. వైన్ ఎంచే పని నాకు అప్పజెప్పారు. ఇంతకుముందు తాగి, నచ్చిన ఒక కర్ణాటక రెడ్ వైన్ పేరు చెప్పాను. ఎదురుగా కూర్చున్న సీనియర్ ఫోన్ తీసి యాప్‌లో చూసి, "దీనికి మూడున్నర స్టార్లు కూడా లేవు, వద్దు" అన్నారు. అంతే, ఆర్డర్ మారిపోయింది. బదులుగా తెప్పించిన దానికి నాలుగు పైన ఉంది, ధర రెండింతలు. రెండూ రుచి చూసినవాణ్ణి కాబట్టి ఆ రోజు మేం తిన్న మటన్ వేపుడుకి మొదటిదే సరిపోతుందని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

మా ఇంట్లో చేపల పులుసు దింపే ముందు మామిడికాయ పులుపు చాలిందో లేదో అమ్మ నన్నే అడిగేది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. చాలలేదని ఠక్కున చెప్పేవాణ్ణి. ఆ ధైర్యం ముప్పై ఆరేళ్లకి ఎక్కడికి పోయింది?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. విమర్శకులు, పత్రికలు, ఇప్పుడు బ్లాగులూ రీల్సూ అన్నీ కలిసి వైన్ తాగడాన్ని పరీక్ష రాయడంలా మార్చేశాయి. మార్కుల కంటే మాటలు చేసిన హాని ఎక్కువ అనిపిస్తుంది నాకు. సీసా వెనక చదవండి. బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సీడార్. వీటిలో ఒక్కటి కూడా నేను తిన్నది కాదు, వాసన చూసింది కాదు. తెలియని పండు పేరు చదివి తల ఊపడం అలవాటైతే, మన నోట్లో ఉన్న రుచి గురించి మాట్లాడటం మానేస్తాం. మీరేమంటారు?

సీసా మూత తీసేవాణ్ణి:

తమ్ముడూ, మాది తెనాలి. పదిహేనేళ్లుగా బెంగళూరు హోటళ్లలో వైన్ వడ్డించే పనిలో ఉన్నాను. నీ బాధ నిజమే, రోజూ టేబుళ్ల దగ్గర చూస్తూనే ఉంటాను. కానీ తప్పు విమర్శకులదంటే ఒప్పుకోను.

వాళ్లు లేని రోజుల్లో తాగేవాడు ఎవరి మాట నమ్మాలి? అమ్మేవాడి మాటే. వైన్ గురించి రాసేవాళ్లలో కూడా చాలామందికి ఆ వ్యాపారంతో సంబంధం ఉండేది. 1978లో అమెరికాలోని మేరీలాండ్‌లో రాబర్ట్ పార్కర్ అనే లాయరు 'ది వైన్ అడ్వొకేట్' మొదలుపెట్టాడు. అందులో ప్రకటనలు వేయలేదు. వినియోగదారుల తరఫున పోరాడిన రాల్ఫ్ నేడర్ ఆయనకి ఆదర్శం. 50 నుంచి 100 దాకా మార్కులు పెట్టాడు, బళ్లో చదివిన ఎవరికైనా అవి అర్థమవుతాయి కాబట్టి. ఎంత పేరున్న తయారీదారు వైన్ అయినా బాగాలేకపోతే బాగాలేదనే రాశాడు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 1982 పంట మీద పేరున్న విమర్శకులు కొందరు పెదవి విరిస్తే, ఈయన గట్టిగా నిలబడి గొప్పదన్నాడు. ఆ మాటే నిలిచింది.

పార్కర్ పత్రిక మొదలవడానికి రెండేళ్ల ముందు సంగతి కూడా చెప్పాలి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి ఫ్రెంచ్ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ పేర్లు కనబడకుండా గ్లాసుల్లో పెట్టి ఫ్రెంచ్ జడ్జీల చేత రుచి చూపించాడు. వైట్‌లో షాతో మోంటెలీనా, రెడ్‌లో స్టాగ్స్ లీప్, రెండూ కాలిఫోర్నియావి, మొదట నిలిచాయి. అక్కడున్న విలేకరి ఒకే ఒక్కడు, టైమ్ పత్రిక జార్జ్ టేబర్. ఆయన రాయకపోతే ఆ సంగతి ఆ గది గోడల మధ్యే ఉండిపోయేది.

నేను పనిలో చేరిన కొత్తలో నంది హిల్స్ వైన్ అంటే మన అతిథులే మొహం చిట్లించేవారు. బోర్డో నుంచి మిషెల్ రోలాన్ అనే వైన్ నిపుణుడు వచ్చి అక్కడి గ్రోవర్ వైనరీ వాళ్లకి సలహాలిస్తున్నాడని, ఫలానా పత్రిక మెచ్చుకుందని చెబితే అప్పుడు ఒక గ్లాసు పోయమనేవారు. రాత వల్లే కదా ఆ ఒక్క గ్లాసైనా అమ్ముడుపోయింది!

ఇంకో మాట. ఆ యాప్‌లో స్టార్లు వేసింది విమర్శకులు కాదు, మనలాంటివాళ్లే.

బసవనగుడి లెక్కల టీచర్:

పార్కర్ గారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదన్నా. అనుమానమంతా మార్కు మీద.

కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ఏటా వైన్ పోటీ జరుగుతుంది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన, స్వయంగా చిన్న వైనరీ నడిపినవాడు, అక్కడ ఒక పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోని వైన్‌ని మిగతా గ్లాసుల మధ్య మూడుసార్లు అదే జడ్జికి ఇచ్చాడు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడుసార్లూ దాదాపు ఒకే అంచనాకి వచ్చిన జడ్జీలు పది మందిలో ఒకరే. మామూలుగా మార్కులు నాలుగు అటో ఇటో ఊగాయి. ఒకే బియ్యం సంచిని మూడుసార్లు తూస్తే మూడు బరువులు చూపించే కాటాని మన కొట్లో ఉంచనిస్తామా? మరి 89కీ 91కీ మధ్య ఆ రెండు మార్కుల్ని నమ్మి డబ్బు ఎందుకు పెడుతున్నాం?

పెడుతున్నాం అని ఊరికే అనడం లేదు. బోర్డోలో వైన్ సీసాల్లోకి ఎక్కకముందే ధర కడతారు. మామూలుగా పార్కర్ మార్కులు వచ్చేదాకా ఆగి ధర చెప్పేవారు. 2003 వసంతంలో ఆయన అక్కడికి రాలేదు, మార్కులు రాకముందే ధరలు బయటికొచ్చాయి. ఆ ఏటి ధరల్ని మిగతా ఏళ్లతో పోల్చి ఫ్రాన్స్ ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆయన మాట విలువ సీసాకి సగటున సుమారు మూడు యూరోలు. ఒక మనిషి నాలుకకి అంత బరువు ఉండటం ఆయన తప్పు కాకపోవచ్చు, కానీ అది మంచి ఏర్పాటు కాదు.

వైట్‌ఫీల్డ్ కర్నూలమ్మాయి:

నేను మీ అందరికంటే కొత్తదాన్ని. అయినా ఒకటి చెప్పాలి.

మా ఊళ్లో వైన్ షాపు అని బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఆ బోర్డు ముందు నుంచి ఆడపిల్లలు తల దించుకుని నడిచేవాళ్లం. పెళ్లయ్యి బెంగళూరు వచ్చాక మా ఆయనా నేనూ కలిసి ఒక గ్లాసు తాగుదాం అనుకున్నప్పుడు నాకు ఏమీ తెలియదు. షాపులో అడగాలంటే బెరుకు. ఇంట్లో అడిగే ప్రశ్నే లేదు. అప్పుడు నాకు నేర్పింది బ్లాగులూ వీడియోలే. గ్లాసు ఎలా పట్టుకోవాలో, తీపి వైన్‌కీ తీపి లేని వైన్‌కీ తేడా ఏంటో, తెరిచిన సీసా ఎన్ని రోజులు ఉంచొచ్చో. ఎవరూ నన్ను ఎగాదిగా చూడకుండా నేర్చుకున్నాను. ముంబైకి చెందిన సోనల్ హాలండ్ 2016లో మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారని, ఆ పరీక్ష నెగ్గిన తొలి భారతీయురాలని చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మార్కులు వద్దంటే తెలిసినవాళ్లకి బాగానే ఉంటుంది. షాపులో వంద సీసాల ముందు నిలబడ్డ కొత్తవాళ్ల టెన్షన్ గురించి కూడా ఆలోచించండి.

నెల్లూరు నుంచి జయనగర్:

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది నేను ఆలోచించలేదు, నిజంగానే. మగవాణ్ణి కాబట్టి షాపులోకి ఎప్పుడైనా నడిచి వెళ్లాను. నేర్పే రాతల్ని నేను తప్పుపట్టను. ఏది బాగుందో మన బదులు వాళ్లే తేల్చేసే రాతల మీదే నా కోపం.

పందిరి కింద:

నాది చిక్కబళ్లాపుర దగ్గర పల్లె. మూడు తరాలుగా ఇంట్లో తెలుగే, బయట కన్నడ. నాలుగెకరాల ద్రాక్ష ఉంది. మీరంతా గ్లాసు దగ్గర మొదలుపెట్టారు, నేను తీగ దగ్గర నుంచి చెప్తాను బాబూ.

మా తాత పందిరి వేసి నాటింది బెంగళూరు బ్లూ. ఏడాదికి రెండు కాపులు. తోపుడు బండ్ల మీద అమ్మే నల్ల ద్రాక్ష అదే, జ్యూస్ ఫ్యాక్టరీలకి వెళ్లేదీ, తియ్యటి చవక వైన్‌లోకి వెళ్లేదీ అదే. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పండు చేతిలోకి తీసుకుంటే ఇల్లంతా వాసన. మా మనవరాలికి ద్రాక్ష వాసన అంటే ఆ వాసనే.

2007లో కర్ణాటక వైన్ విధానం వచ్చాక మా వైపు అందరిలో ఆశ పుట్టింది. కొన్నేళ్లకి ఒక వైనరీ వాళ్లు వచ్చారు. బెంగళూరు బ్లూకి పేరు రాదు, షిరాజ్ అనే వైన్ ద్రాక్ష వెయ్యండి, బయటి వాళ్లు మెచ్చేది అదే అన్నారు. ఎకరం వేశాను. షిరాజ్‌కి గుత్తులు తగ్గించమంటారు, కాపు తక్కువైతే రుచి చిక్కబడుతుందంటారు. పండులో చక్కెర కొలిచి, వాళ్లు చెప్పిన రోజే కొయ్యాలి. మంచి వైన్‌కి అది అవసరమే, కాదనను. కానీ కాపు తగ్గితే ఆ నష్టం ఎవరు భరించాలి? రెండేళ్లు కొన్నారు. మూడో ఏడు సగమే తీసుకున్నారు. మిగిలింది బజారులో ఎవరూ కొనలేదు, ఎందుకంటే అది తినే పండు కాదు, చిన్న కాయ, మందపు తోలు. ఆ ఏడాదే ఆ వైన్‌కి ఏదో పోటీలో మెడల్ వచ్చిందని పేపర్లో చూశాను. నా పండు అందులో ఉందో లేదో కూడా తెలియదు.

విమర్శకుడికి నా మీద పగ లేదు. ఆయన నా తోట ఎప్పుడూ చూడలేదు. కానీ ఎక్కడో కూర్చుని ఆయన మెచ్చుకున్న రుచి, నా పొలంలో ఏ తీగ ఉండాలో నిర్ణయించింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నాలుగేళ్ల కింద ఒక బ్లాగు రాసే అబ్బాయి వచ్చి రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. కత్తిరింపు ఎప్పుడు చేస్తాం, బూజు తెగులు ఎలా వస్తుంది, వాన పడితే పండు ఎలా పగులుతుంది, అన్నీ అడిగి రాశాడు. వైన్‌కి మార్కులేమీ వేయలేదు. అది చదివి బెంగళూరు నుంచి మనుషులు కార్లలో వచ్చి బుట్టలకి బుట్టలు పండు కొనుక్కెళ్లారు. అలాంటి రాతలైతే నాకు సంతోషమే.

సీసా మూత తీసేవాణ్ణి:

పెద్దాయనా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మెడల్ వెనక ఈ కథ ఉంటుందని నేను వడ్డించేటప్పుడు ఒక్కసారి కూడా అనుకోలేదు. మన్నించండి.

అయినా ఒక మాట నిజాయితీగా అనాలి. బెంగళూరు బ్లూతో చేసి మార్కెట్లో అమ్మే తియ్యటి వైన్లలో చాలావాటిలో చక్కెర తప్ప ఏమీ తగలదు. మన ఊరి పంట అనే ప్రేమతో దాన్ని గొప్ప వైన్ అంటే, రేపు మంచిగా చేసేవాడికి ఆ శ్రమ ఎందుకు అనిపిస్తుంది. హంపి కొండల దగ్గర మన తెలుగు దంపతులు, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు, రాళ్ల నేలలో కాబెర్నే అనే ద్రాక్ష పెంచి వైన్ చేస్తున్నారు. ఆ కష్టాన్ని చక్కెర నీళ్లతో ఒకే గాటన కట్టలేం కదా. తేడా చెప్పేవాడు ఒకడు కావాలి.

తేడా చెప్పేవాళ్లు ఒకరితో ఒకరు గొడవపడటం కూడా మనకి మంచిదే. షాతో పావీ అనే బోర్డో వైన్ 2003 పంటని పార్కర్ ఆకాశానికెత్తితే, లండన్‌లో జాన్సిస్ రాబిన్సన్ అనే విమర్శకురాలు ఇరవైకి పన్నెండు వేసింది. ఇద్దరూ డబ్బుకి అమ్ముడుపోయేవాళ్లు కాదు. ఒకరికి బాగా పండిన, చిక్కటి రుచి ఇష్టం, ఇంకొకరికి కాదు. ఆ గొడవ చదివినవాడికి తన ఇష్టం ఎటువైపో తెలుస్తుంది.

బసవనగుడి లెక్కల టీచర్:

చక్కెర సంగతి ఒప్పుకుంటానన్నా. కానీ "పేరు రాదు" అన్న మాట వెనక చరిత్ర ఉంది. బెంగళూరు బ్లూ అమెరికా జాతి ద్రాక్ష, ఇజబెల్లా రకం. ఆ వాసనని ఇంగ్లిష్‌లో 'ఫాక్సీ' అంటారు, అంటే నక్కలాంటిది అని. అదొక లోపంగా పాఠాల్లో రాసుకున్నారు. 1930లలో ఫ్రాన్స్ చట్టం చేసి ఇజబెల్లాతో కలిపి ఆరు రకాల ద్రాక్షతో చేసిన వైన్ అమ్మకుండా ఆపేసింది. ఆరోగ్యానికి చేటు అని కూడా ప్రచారం జరిగింది. అప్పుడు అక్కడ వైన్ అవసరానికి మించి పొంగిపొర్లుతోంది, ఏదో ఒకటి తగ్గించాలి. ఆస్ట్రియాలో బుర్గెన్‌లాండ్ రైతులు మాత్రం ఆ జాతి ద్రాక్షతోనే 'ఊహుడ్లర్' అనే వైన్ చేసుకుంటూ వచ్చారు. నిషేధం ఉన్నా వదల్లేదు, 1992లో చట్టబద్ధం చేయించుకున్నారు. ఇప్పుడు అది అక్కడివాళ్ల గర్వం.

పెద్దాయన మనవరాలికి ద్రాక్ష వాసన అయినది, ఇంకో దేశంలో నక్క వాసన ఎలా అయింది? ముక్కులు ఒకటే. పేరు పెట్టే హక్కు ఎవరి దగ్గర ఉందన్నదే తేడా.

నెల్లూరు నుంచి జయనగర్:

టీచర్ గారూ, నేను మొదట్లో చెప్పలేకపోయింది మీరు చెప్పారు. దాని మీదే ఇంకొంచెం రాస్తాను.

1984లో కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ అనే ప్రొఫెసర్ వైన్ వాసనలన్నిటికీ పేర్లు పెట్టి ఒక చక్రం గీసింది. మంచి పని. ఆమె ఊళ్లో దొరికే పళ్లూ పూలూ ఆమె రాసింది. మనం మాత్రం ఆ పేర్లనే బట్టీ పట్టాం. మన దగ్గర ఏం తక్కువ? రెడ్ వైన్ తాగగానే నాలుకా చిగుళ్లూ బిగుసుకున్నట్టు అవుతుంది కదా, దాన్ని టానిన్ అని నేర్చుకున్నాం. దానికి మన దగ్గర వగరు అనే మాట ముందు నుంచీ ఉంది. జామ పిందె కొరికినా, నేరేడు పళ్లు తిన్నా, పచ్చి అరటికాయ నాకినా అదే. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరు కోసమే కదా. ఆరు రుచుల్లో ఒకటిగా పెట్టుకున్న జాతికి, వగరు ఎక్కువైందా తక్కువైందా అని చెప్పడానికి అరువు మాట కావాలా?

కొన్ని వైట్ వైన్లలో నాకు స్పష్టంగా జామపండు తెలుస్తుంది. కొన్నిటిలో పచ్చి మామిడి. బారెల్‌లో ఉంచినవాటిలో ఒక్కోసారి కొబ్బరి. ఇవి పైకి అంటే పల్లెటూరివాడు అనుకుంటారేమోనని ఇన్నాళ్లూ అనలేదు.

సీసా మూత తీసేవాణ్ణి:

తమ్ముడూ, ఆ జామపండు నీ ఊహ కాదు. సోవిన్యోఁ బ్లాఁ అనే వైట్ వైన్‌లో ఉండే గంధక సమ్మేళనాల్లో కొన్ని జామలో కూడా ఉంటాయి. కొబ్బరి వాసన బారెల్ చేసే ఓక్ చెక్కలోంచి వస్తుంది, అమెరికన్ ఓక్‌లో మరీ ఎక్కువ. షిరాజ్‌లో మిరియాల ఘాటు ఇచ్చే పదార్థం రొటండోన్ అని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు, మన మిరియంలో ఉన్నదీ అదే. కాబట్టి విమర్శకుల మాటల్లో చాలావాటికి ఆధారం ఉంది. ఆ ఆధారానికి నీ మాట పెట్టుకో, ఎవరు వద్దన్నారు? రేపటి నుంచి తెలుగువాళ్ల టేబుల్ దగ్గర నేను వగరు అనే చెప్తాను.

నా కోపం వేరే చోట ఉంది. మన దగ్గర టీవీలో మద్యం ప్రకటనలు వేయకూడదు. అందుకని ఆ డబ్బులో కొంత రీల్స్ చేసేవాళ్ల వైపు వెళ్లింది. ఉచితంగా సీసాలు, వైనరీలో రెండు రోజుల బస, ఆ తర్వాత పొగడ్తల వీడియో. డబ్బో కానుకో తీసుకుంటే ఆ సంగతి పోస్టులో చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఎంతమంది చెప్తున్నారు? పార్కర్ తన డబ్బుతో కొనుక్కుని తాగేవాణ్ణని మొదట్లో గర్వంగా చెప్పుకునేవాడు. ఇక్కడ రాసేవాళ్ల నుంచి నేను కోరేది అదొక్కటే.

ఇంకా రాయాల్సినవి ఎవరూ రాయరు. ఈ ఊళ్లో ఎన్ని షాపుల్లో వైన్ సీసాలు ఎండ తగిలే అద్దాల పక్కన నెలల తరబడి నిలబెట్టి ఉంటాయో చూశారా? వేడికి వైన్ చచ్చిపోతుంది. ఉడికించిన పండు వాసన వస్తుంది. అది తాగి కొత్తవాళ్లు వైన్ అంటే ఇంతేనేమో అనుకుంటారు. ఏళ్ల తరబడి 150 శాతం సుంకం కట్టించుకుని దిగిన విదేశీ సీసా కూడా చివరికి ఆ ఎండలోనే నిలబడుతుంది. ఏ షాపు సీసాల్ని చల్లగా పడుకోబెట్టి ఉంచుతుందో రాసే బ్లాగు ఒక్కటి ఉంటే, వంద మార్కుల కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

పందిరి కింద:

మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం బాబూ. మేం తెల్లవారుజామున, ఎండెక్కకముందే కోసి పంపేది పండు వేడెక్కకూడదనే. చివరికి షాపు అద్దం పక్కన నిలబెడితే మా నిద్ర పాడు చేసుకున్నది దేనికి?

టీచరమ్మా, ఆ ఆస్ట్రియా రైతుల గురించి ఇంకా ఎక్కడైనా తెలిస్తే చెప్పండి. మా సంఘం మీటింగ్ వచ్చే వారం ఉంది. అక్కడ చదివి వినిపిస్తాను.

వైట్‌ఫీల్డ్ కర్నూలమ్మాయి:

ఇవన్నీ చదివి ఇవాళ రాత్రి ఒక పని చేశాం. మా ఆయన సీసాకి చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టి గ్లాసులో పోశారు. ఫోన్లు రెండూ వేరే గదిలో పెట్టాం. నాకు అనిపించింది అనిపించినట్టు రాస్తున్నాను, తప్పయితే దిద్దండి.

మొదట ముక్కుకి బాగా పండిన నేరేడు పళ్లు, ఎండలో పెట్టిన గిన్నెలోంచి వచ్చే వాసన. నోట్లో పులుపు పరవాలేదు, తీపి లేదు. వగరు కొంచెం ఎక్కువే, జొన్నరొట్టె, నల్లకారంతో తింటే తగ్గింది. మింగాక గొంతులో మిరియాల చారు తాగినట్టు ఉంది. మా ఆయన మిరియాలేం లేవు, నువ్వు చదివి ఊహించుకుంటున్నావు అంటున్నారు. కాగితం తీసి చూస్తే షిరాజ్. కానీ వైన్ అంతా కాస్త వేడివేడిగా, ఘాటుగా కూడా అనిపించింది. అది వైన్ తప్పా, మా తప్పా?

సీసా మూత తీసేవాణ్ణి:

మిరియాలు ఉన్నాయమ్మా, ఊహ కాదు. ఘాటు మాత్రం గది వేడి వల్ల. రెడ్ వైన్ గదిలో ఉన్నట్టే తాగాలని అందరూ రాస్తారు, ఆ గది చలిదేశాల గది. మన దగ్గర ఈ నెలల్లో మూత తీసే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలింది రేపు అలా తాగి చూసి, మీ ఆయనకి మిరియాలు తెలిశాయో లేదో ఇక్కడే రాయండి.